చందవరం రాయికి లింక్ డాక్యుమెంట్ ఏది?

ప్రకాశం జిల్లా దొనకొండ మండలంలో చందవరం అనే ఊరుంది. జిల్లా దాటితే ఆ పేరు విన్నవాళ్లు తక్కువే. గుండ్లకమ్మ ఒడ్డున చిన్న కొండ మీద, రెండంచెల వేదికతో కట్టిన పురాతన బౌద్ధ స్తూపం అక్కడ ఉంది. 1964లో పురావస్తు శాస్త్రవేత్త వి.వి. కృష్ణశాస్త్రి దాన్ని గుర్తించారు. 1972-77 మధ్య తవ్వకాలు జరిగాయి. దొరికిన చెక్కడపు ఫలకాలను అక్కడే ఉంచారు. 2000-01 ప్రాంతంలో అక్కడ దొంగలు పడ్డారు, ఒకసారి కాదు, వరుసగా. ఊళ్లో నాలుగు రోజులు చెప్పుకున్నారు, తర్వాత మరిచిపోయారు.

కథ తర్వాతి భాగం ఆస్ట్రేలియాలో నడిచింది. రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియా 2005లో న్యూయార్క్ డీలర్ నాన్సీ వీనర్ దగ్గర ఒక సున్నపురాయి ఫలకం కొన్నది. బుద్ధుణ్ని కొలుస్తున్న భక్తులు, క్రీ.శ. మూడో శతాబ్దం, ఆంధ్ర ప్రాంతం. ధర 5 లక్షల 95 వేల అమెరికన్ డాలర్లు. 1960ల్లోనే హాంకాంగ్‌లో ఒకాయన దీన్ని కొన్నాడని, అప్పట్నుంచీ విదేశాల్లోనే ఉందని కాగితాలు చూపించారు. గ్యాలరీ నమ్మింది. కొన్నేళ్ల తర్వాత ఒక ఫొటో బయటికొచ్చింది. 1990ల్లో తీసిన ఆ ఫొటోలో అదే రాయి ఇండియాలోనే ఉంది! 1960ల్లో హాంకాంగ్ చేరిన రాయి 1990ల్లో ఇండియాలో ఎలా ఉంటుంది? అంతే, కాగితాలు అబద్ధమని తేలిపోయింది. 2016 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ ఫలకాన్ని అప్పటి మన సాంస్కృతిక శాఖ మంత్రి మహేశ్ శర్మకు అప్పగించింది. అదే ఏడాది డిసెంబరులో వీనర్‌పై న్యూయార్క్‌లో కేసు పడింది. 2021లో ఆమె కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

ఉద్యోగాల పేజీలో ఈ దొంగతనం గోల ఏంటి అనుకోకండి. ప్రపంచ కళారంగ పెద్దలు ఏటా సమావేశాలు పెట్టుకుని బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న అంశం సరిగ్గా ఇదే. పోటీ పరీక్షల్లో అడగదగ్గ అంశం ఇదే. కాస్త ఓపిక ఉన్నవాళ్లకి కెరియర్ అయ్యే అంశం కూడా ఇదే.

ఏటా కలిసే ఆ పెద్దలు ఎవరు?

కళ అంటే మనకి పెయింటింగ్, శిల్పం, నాట్యం. అంతర్జాతీయంగా చూస్తే అదొక పెద్ద వ్యాపారం, దానికి దౌత్యం కూడా తోడు. ఆర్ట్ బాసెల్, యూబీఎస్ బ్యాంకు కలిసి వేసే వార్షిక నివేదిక లెక్క ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా కళాఖండాల అమ్మకాలు 5,750 కోట్ల డాలర్లు. అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఇది 12 శాతం తక్కువ. తగ్గినా ఇంత! ఈ వ్యాపారాన్ని నడిపేవాళ్లు అంటే మ్యూజియం డైరెక్టర్లు, వేలం సంస్థల అధిపతులు, గ్యాలరీల యజమానులు, కలెక్టర్లు, సాంస్కృతిక మంత్రులు. (ఇక్కడ కలెక్టర్ అంటే జిల్లా కలెక్టర్ కాదు, కళాఖండాలు సేకరించే సంపన్నుడు. ఇంటర్వ్యూలో ఈ తేడా మర్చిపోతే నవ్వులపాలే.) వీళ్లందరూ కలుసుకోవడానికి వేదికలు ఉన్నాయి.

'ఆర్ట్ ఫర్ టుమారో' అనే సదస్సు 2015లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆధ్వర్యంలో ఖతార్ రాజధాని దోహాలో మొదలైంది. 2024లో వెనిస్‌లో, 2025లో మిలాన్‌లో జరిగింది. అబుదాబీలో 2017 నుంచి 'కల్చర్ సమ్మిట్' నడుస్తోంది. ఆధునిక కళల మ్యూజియంల వాళ్లకి సీఐఎంఏఎం అనే సంఘం ఉంది, 1962లో పుట్టింది, దాని వార్షిక సదస్సు ఏటా ఒక నగరంలో. అన్నిటికన్నా పెద్దది ఐకామ్, అంటే అంతర్జాతీయ మ్యూజియంల మండలి. 1946లో ఏర్పడిన ఈ సంస్థ మూడేళ్లకోసారి మహాసభ జరుపుతుంది. 2022 ప్రాగ్ సభలో 'మ్యూజియం' అన్న మాటకి కొత్త నిర్వచనం ఆమోదించారు. 2025 నవంబరు సభకి దుబాయ్ వేదిక. మన దగ్గరైతే 2008 నుంచి ఢిల్లీలో ఇండియా ఆర్ట్ ఫెయిర్, 2012 నుంచి కొచ్చి-ముజిరిస్ బినాలే ఉన్నాయి.

ఒక విషయం గమనించండి. దోహా, అబుదాబీ, దుబాయ్. పదేళ్లుగా ఈ సభల బరువు యూరప్ నుంచి గల్ఫ్‌కి జరుగుతోంది. చమురు డబ్బు తర్వాతి కాలానికి పేరు, పర్యటకులు కావాలి గనుక అక్కడి ప్రభుత్వాలు మ్యూజియంల మీద ఖర్చు పెడుతున్నాయి. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి ఇన్నాళ్లూ తెలిసింది నిర్మాణం, ఆయిల్, నర్సింగ్, హోటళ్లు. లూవ్ర్ అబుదాబీ 2017లో తెరిచినప్పటి నుంచి అక్కడ మ్యూజియం ఉద్యోగం అనేది కూడా ఒకటుంది.

ఈ సభల్లో మాట్లాడేవి చాలా ఉంటాయి. ఏఐ వేసిన బొమ్మకి హక్కు ఎవరిది, మ్యూజియంకి విరాళమిచ్చిన కంపెనీ మంచిదేనా, వాతావరణ మార్పు, ఇంకా ఎన్నో. మధ్యాహ్న భోజనాలు, ఫొటోలు కూడా ఉంటాయనుకోండి. పెద్దల సభల్లో తీర్మానం అయ్యేది తక్కువ, పరిచయం అయ్యేది ఎక్కువ. కానీ ఒక ప్రశ్న మాత్రం ఏ వేదిక ఎక్కినా వెంటపడుతోంది. ఈ వస్తువు మీ దగ్గరికి ఎలా వచ్చింది?

ప్రావెనెన్స్ అంటే...

దీనికి వాళ్లు వాడే మాట ప్రావెనెన్స్. నిఘంటువు వెతకక్కర్లేదు. గుంటూరులో ఎకరం పొలం కొనాలంటే మీ నాన్నగారు ముందు ఏం అడుగుతారు? లింక్ డాక్యుమెంట్లు. అమ్మేవాడికి ఎవరమ్మారు, వాళ్లకి ఎవరిచ్చారు, మధ్యలో ఏ ఏడాదైనా గొలుసు తెగిందా. తర్వాత ఈసీ తీయిస్తారు. ప్రావెనెన్స్ అంటే కళాఖండానికి లింక్ డాక్యుమెంట్లు. చందవరం రాయికి దొంగ లింక్ డాక్యుమెంట్ పుట్టించారు. ఎప్పుడో పాత తేదీ వేసి, ఎక్కడో హాంకాంగ్ పేరు రాసి.

పాత తేదీయే ఎందుకు? ఇక్కడే 1970 అనే ఏడాది వస్తుంది. అభ్యర్థులు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సాంస్కృతిక ఆస్తుల అక్రమ ఎగుమతి, దిగుమతులను అడ్డుకునేందుకు యునెస్కో ఆ ఏడాది ఒక ఒప్పందం తెచ్చింది. భారత్ 1977లో ఆమోదించింది. పేరున్న మ్యూజియంలు చాలావరకు ఈ ఏడాదిని గీతగా పెట్టుకున్నాయి. 1970కి ముందే దేశం దాటిందని రుజువుంటే కొనొచ్చు, తర్వాతైతే అనుమతి పత్రం చూపించాలి. మన పురావస్తువులు, కళాసంపద చట్టం 1972లో వచ్చింది, 1976 నుంచి అమల్లో ఉంది. వందేళ్లు దాటిన శిల్పాలు, వస్తువులు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు దీని కిందికొస్తాయి. వీటిని ప్రైవేటు వ్యక్తి విదేశాలకి పంపడం నేరం. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా. లక్షల డాలర్ల రాయికి గరిష్ఠంగా మూడేళ్లు! దొంగకి ఇది భయపడే శిక్షా అంటే, కాదనే చెప్పాలి.

దొంగకి పాత తేదీ కావాలి. పోలీసుకి ఫొటో కావాలి. మొత్తం ఆట ఈ రెండింటి మధ్యే. చందవరం ఫలకం వెనక్కి వచ్చిందంటే కారణం ఏ మంత్రిగారి ప్రసంగమో, ఏ అంతర్జాతీయ తీర్మానమో కాదు. దొంగతనానికి ముందు ఎవరో ఒకరు ఆ రాయిని ఫొటో తీసి, జాగ్రత్తగా ఫైల్లో పెట్టారు. అదీ సంగతి.

మరి అలా ఫొటో, వివరాలు ఉన్నవి ఎన్ని? దేశంలో సుమారు 58 లక్షల పురావస్తువులు ఉంటాయని ప్రభుత్వ అంచనా. 2007లో మొదలైన జాతీయ స్మారక, పురావస్తు మిషన్ నమోదు చేసింది 16 లక్షల పైచిలుకు. మూడో వంతు కూడా కాదు. 2013లో కాగ్ తనిఖీ చేస్తే కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాల్లోనే 92 కనిపించలేదని తేలింది. శిల్పం కాదండీ, కట్టడాలే! 2023 జులైలో వారసత్వ సంపద చోరీలపై పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. అప్పుడు ఆ సంఘానికి అధ్యక్షుడు మన రాష్ట్రానికి చెందిన వి. విజయసాయిరెడ్డి. చోరీలు పట్టడానికి ప్రత్యేక బృందం కావాలని సంఘం చెప్పింది. ఇటలీలో ఇలాంటి పోలీసు విభాగం 1969లోనే ఉంది, అంటే యునెస్కో ఒప్పందం కన్నా ఏడాది ముందే.

అమరావతి కథ వేరు, దాని లెక్క వేరు

చందవరం గెలిచింది కదా, అమరావతి శిల్పాలు కూడా అలాగే తెచ్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. గ్రూప్స్ ఇంటర్వ్యూ బోర్డు అడిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆవేశంగా 'తెచ్చుకోవాలి సార్' అంటే మార్కులు రావు.

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చుకున్న రోజుల్లో, 18వ శతాబ్దం చివర, ఊరి కట్టడాలకి దీపాలదిన్నె రాళ్లు తీస్తుండగా చెక్కడాలు బయటపడ్డాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1798 ప్రాంతంలో వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి తన మనుషులతో బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి. రాళ్లే, చాలావరకు, లేవు. కొన్ని సున్నపు బట్టీలకి పోయాయి, కొన్ని ఇళ్లకి, మెట్లకి పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి దొరికినవి మద్రాసుకి తరలించాడు. అక్కడ ఆరుబయట ఎండకీ వానకీ పడి ఉన్నాక, 1859లో ఓడెక్కించారు. 1880 నాటికి బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. ఇప్పుడు అక్కడ 33ఏ నంబరు గదిలో ఉన్నవి 120కి పైనే. మిగతావి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, ఢిల్లీ, కోల్‌కతాల్లో, కొన్ని పారిస్‌లో. అమరావతిలోని మ్యూజియంలో మిగిలినవి కొన్ని.

ఆ కాలంలోనే ఒక ఇంగ్లిషు అధికారి వేరే మాట చెప్పాడు. 1880ల్లో పురాతన కట్టడాల క్యూరేటర్‌గా పనిచేసిన హెచ్.హెచ్. కోల్ వాదన ఏంటంటే, అసలు శిల్పాలను ఉన్నచోటే ఉంచాలి, మ్యూజియంలకి అచ్చులు తీసి పంపితే సరిపోతుంది. ఆయన మాట చెల్లలేదు. దోహాలోనూ మిలాన్‌లోనూ ఈ రోజు అదే మాట కొత్తగా చెబుతున్నట్టు చెబుతుంటారు.

ఇప్పుడు చట్టం వైపు రండి. అమరావతి శిల్పాలు లండన్‌కి పోయింది 1859లో. 1970 ఒప్పందం వెనక్కి వర్తించదు. మన 1972 చట్టమూ అంతే. పైగా బ్రిటిష్ మ్యూజియం చట్టం, 1963 ప్రకారం అక్కడి ట్రస్టీలు, కొన్ని మినహాయింపులు తప్ప, సేకరణలోని వస్తువులను ఇచ్చేయడానికి వీల్లేదు. అంటే చందవరం దారి, అమరావతి దారి ఒకటి కాదు. చందవరం దొంగసొత్తు కేసు. అమరావతి వలసపాలన కేసు, కోర్టులో కాదు, చర్చలో తేలాల్సింది.

చర్చలో తేలినవి ఉన్నాయా? ఉన్నాయి. 2024లో బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కలిసి ఘనాలోని అసాంతే రాజ్యానికి చెందిన బంగారు వస్తువులను అప్పుగా పంపాయి. మూడేళ్ల అప్పు. మన వస్తువు మనకే అప్పా అని అక్కడి జనం మండిపడ్డారు, కుమాసీలో ప్రదర్శన చూడటానికి బారులు కూడా తీరారు. నెదర్లాండ్స్ అయితే 2025లో 119 బెనిన్ కంచు శిల్పాలను నైజీరియాకి పూర్తిగా ఇచ్చేస్తున్నట్టు ప్రకటించింది. అంటే ఒకే రకం సమస్యకి రెండు దేశాలు రెండు జవాబులు చెప్పాయి. మన ఇంటర్వ్యూ అభ్యర్థి చెప్పాల్సింది కూడా ఇలాంటిదే. చట్టం ఎక్కడ ఆగుతుంది, దౌత్యం ఎక్కడ మొదలవుతుంది, ఈలోపు అప్పు తెచ్చుకోవడం, త్రీడీ స్కాన్లు, ఉమ్మడి ప్రదర్శనలు ఏ మేరకు పనికొస్తాయి.

నా అభిప్రాయం అడిగితే, అడగడానికి ముందు మన ఇల్లు చూసుకోవాలి. తిరిగొచ్చిన రాయిని పెట్టే చోట తాళం, వెలుతురు, తేమ అదుపు, రాసిన లేబుల్, ఆ లేబుల్ చదివి చెప్పే మనిషి ఉండాలి. విదేశీ మ్యూజియంలు ఇవ్వకపోవడానికి చెప్పే సాకుల్లో మొదటిది ఇదే. అది సాకే అయినా, మనమెందుకు దానికి అవకాశం ఇవ్వాలి?

ఇంకో కోణం కూడా ఉంది. 2023 జులై నుంచి నవంబరు వరకు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రాచీన బౌద్ధ కళపై 'ట్రీ అండ్ సర్పెంట్' ప్రదర్శన జరిగింది. అందులో మన అమరావతి, నాగార్జునకొండ, తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు ఉన్నాయి. చాలావాటిని ఇండియా నుంచే అప్పుగా పంపారు. తర్వాత అదే ప్రదర్శన సియోల్‌కి వెళ్లి 2024 ఏప్రిల్ దాకా నడిచింది. కృష్ణా తీరంలో చెక్కిన రాళ్లను న్యూయార్క్ వాళ్లు టికెట్ కొని చూశారు. మనలో ఎంతమంది మాచర్ల నుంచి లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూశాం?

రేటు చెప్పేది ఎవరు?

మిర్చి యార్డు తెలిసినవాళ్లకి కళల మార్కెట్ ఇట్టే అర్థమవుతుంది. రైతు తెచ్చిన తేజ మిర్చికి రేటు రైతు చెప్పడు. టిక్కీ కోసి, కాయ చేత్తో నలిపి, రంగు చూసి వ్యాపారి చెబుతాడు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. చిత్రకారుడి పరిస్థితీ ఇంతే, కాకపోతే అక్కడ మార్కెట్ జోక్యం పథకం లేదు. ఎం.ఎఫ్. హుసేన్ 1954లో వేసిన 'గ్రామ యాత్ర' 2025 మార్చిలో న్యూయార్క్‌లో 118 కోట్ల రూపాయలకి పైగా పలికింది. దశాబ్దాల పాటు అది నార్వేలోని ఆసుపత్రిలో ఉంది. ఆ ధరలో బొమ్మ గొప్పదనం ఎంతో, ఆసుపత్రి నుంచి వచ్చిన శుభ్రమైన ప్రావెనెన్స్ కూడా అంతే. కొన్నవాడికి కోర్టు భయం లేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ పిప్రహ్వా రత్నాలు. బుద్ధుని ధాతువులతో పాటు 1898లో ఉత్తరప్రదేశ్‌లో దొరికిన ఈ రత్నాలను సోత్‌బీస్ సంస్థ 2025 మే 7న హాంకాంగ్‌లో వేలం వేస్తామంది. భారత ప్రభుత్వం లీగల్ నోటీసు ఇచ్చింది. వేలం ఆగింది. జులైలో గోద్రెజ్ గ్రూపు జోక్యంతో అవి దేశానికి తిరిగొచ్చాయి. ఇది 1970కి చాలా ముందు సంగతి, చట్టం ప్రకారం బలమైన కేసు కాదు. కానీ బౌద్ధులకి పవిత్రమైన వస్తువును పాట పెట్టడం ఏంటన్న ప్రశ్న ముందు వేలం సంస్థ నిలబడలేకపోయింది. అమరావతి గురించి ఆలోచించేవాళ్లకి ఇందులో పాఠం ఉంది.

2024 జులై 26న ఢిల్లీలో ప్రపంచ వారసత్వ కమిటీ సమావేశాలు జరుగుతుండగా భారత్, అమెరికా సాంస్కృతిక ఆస్తుల ఒప్పందం చేసుకున్నాయి. ఆ సమావేశాలు మన దేశంలో జరగడం అదే మొదటిసారి. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా 297 పురావస్తువులను తిరిగిచ్చింది. కరెంట్ అఫైర్స్ నోట్సులో ఈ రెండూ పక్కపక్కనే రాసుకోండి.

ఉద్యోగాలు: ఉన్నవి ఉన్నట్టు

ముందే చెబుతున్నాం, ఇది ఐటీ కాదు. క్యాంపస్‌కి వచ్చి ఒకేరోజు యాభైమందిని తీసుకునే రంగం కాదు. ప్రభుత్వ ఖాళీలు అప్పుడప్పుడు పడతాయి, పోటీ ఎక్కువ. కాంట్రాక్టు పనులు ఎక్కువ, జీతాలు మొదట్లో తక్కువ. మీ ఇంట్లో అప్పు తీర్చాల్సిన బాధ్యత వెంటనే మీ మీద ఉంటే, దీన్ని రెండో ఆప్షన్‌గా పెట్టుకోవడంలో తప్పులేదు. ఇష్టం, ఓపిక, చదివే అలవాటు ఉన్నవాళ్లకి మాత్రం పోటీదారులు తక్కువున్న దారి ఇది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. ఈ రంగానికి కళల విద్యార్థులే కాదు, బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లు గట్టిగా కావాలి. రాయి ఎందుకు పొరలు పొరలుగా రాలుతోంది, ఉప్పు ఎలా తీయాలి, పాత రంగు మీద ఏ ద్రావణం వాడితే చెడదు అన్నదంతా రసాయన శాస్త్రమే. దీన్ని కన్జర్వేషన్ అంటారు. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్, మ్యూజియాలజీ, కళాచరిత్రలో పీజీలు ఉన్నాయి. ఇదివరకు దీన్ని నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ అనేవాళ్లు. లఖ్‌నవూలోని జాతీయ పరిశోధనశాల 1976 నుంచి ఈ పనిలోనే ఉంది. మ్యూజియాలజీకి బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయం పాత పేరు, 1952 నుంచి ఆ విభాగం ఉంది.

హిస్టరీ వాళ్లకి గ్రేటర్ నోయిడాలోని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఆర్కియాలజీ ఇన్‌స్టిట్యూట్. భారత పురావస్తు సర్వే నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమా, స్టైపెండ్‌తో. సీట్లు చాలా తక్కువ. ప్రాచీన చరిత్ర, పురావస్తు, సంస్కృతం, పాళీ, ప్రాకృతం లాంటి వాటిలో ఎంఏ అడుగుతారు. మన దగ్గర ఆచార్య నాగార్జున, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో చరిత్ర, పురావస్తు చదువు ఉంది. యూజీసీ నెట్‌లో పురావస్తుశాస్త్రం, మ్యూజియాలజీ-కన్జర్వేషన్ విడివిడి సబ్జెక్టులు. నోటిఫికేషన్ల అర్హతలు ఏటా మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకి ముందు ఆ సంస్థ ప్రకటన ఒకటికి రెండుసార్లు చదవండి.

మరి తెలుగు మీడియం వాళ్ల సంగతి? నిజానికి వాళ్లకే ఒక సదుపాయం ఉంది. అమరావతి, భట్టిప్రోలు శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్నాయి. అమరావతి శాసనంలోని 'నాగబు' అనే మాటని తొలి తెలుగు పదంగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారన్నది మనం బడిలో చదువుకున్నదే. మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం, ఓడ వ్యాపారులకి ఇచ్చిన హామీ, తెలుగు తీరపు అంతర్జాతీయ వ్యాపారానికి సాక్ష్యం. వీటిని చదివి, మంచి ఇంగ్లిషులో వివరించగలిగే మనిషికి మ్యూజియం లేబుల్ నుంచి పరిశోధన ప్రాజెక్టు దాకా పనుంటుంది. తెలుగు, ఇంగ్లిషు రెండూ వచ్చి, బ్రాహ్మీ అక్షరాలు గుర్తుపట్టగలవాళ్లు ఎంతమంది ఉంటారు, మీరే లెక్కేయండి.

బీకాం, లా, లాజిస్టిక్స్ వాళ్లు కూడా దూరం వెళ్లక్కర్లేదు. మెట్ ప్రదర్శనకి ఒక శిల్పం పంపాలంటే తాత్కాలిక ఎగుమతి అనుమతి, బీమా, కస్టమ్స్, ప్యాకింగ్, బయల్దేరేముందు ఒకటి, చేరాక ఒకటి కండిషన్ రిపోర్టు కావాలి. రాతి మీద ఎక్కడ గీత ఉందో, ఎక్కడ పెచ్చు ఊడిందో ఫొటోతో సహా రాయాలి. పెట్టె వెంట మనిషి వెళ్లాలి. మిర్చి ఎగుమతి కంపెనీలో షిప్పింగ్ బిల్లు, లేడింగ్ బిల్లు నింపిన కుర్రాడికి ఇందులో సగం పని ఇప్పటికే తెలుసు. దొంగ విగ్రహాల వేటలో దేశంలో అందరికన్నా పేరున్న ఎస్. విజయ్‌కుమార్ వృత్తిరీత్యా షిప్పింగ్ రంగం మనిషే. సింగపూర్ కేంద్రంగా మొదలైన ఇండియా ప్రైడ్ ప్రాజెక్టు అనే వాలంటీర్ల బృందంలో ఆయన ఒకరు. వాళ్లు చేసే పని ఏంటి? వేలం సంస్థల కేటలాగు పక్కన పాత ఫొటో పెట్టి పోల్చడం.

ఢిల్లీలో నార్త్, సౌత్ బ్లాకులను 'యుగే యుగీన్ భారత్' జాతీయ మ్యూజియంగా మార్చే పనికి ఫ్రాన్స్ సాయం చేస్తోంది. కళాఖండాల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వీటివల్ల ఎన్ని ఉద్యోగాలొస్తాయో ఇప్పుడే అంకె చెప్పేవాణ్ని నమ్మొద్దు. దిశ మాత్రం కనిపిస్తోంది.

అంతర్జాతీయ సభలకి మనం ఎక్కడ సరిపోతాం అనుకునేవాళ్లకి దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి గుర్తు చేయాలి. సంజీవదేవ్ (1914-1999) ఆ ఊళ్లోనే ఉండి కళావిమర్శ రాశారు, బొమ్మలు వేశారు. హిమాలయాల్లో కులూ లోయలో రోరిక్ కుటుంబం దగ్గర గడిపి వచ్చారు. దేశవిదేశాల కళాకారులు, ఆలోచనాపరులతో ఉత్తరాలు నడిపారు. ఆయనకి ఏ సదస్సు బ్యాడ్జీ మెడలో లేదు, పోస్టాఫీసు ఉంది.

ఈ సెలవుల్లో చేయగలిగేది

సర్టిఫికెట్ రాని పని చెబుతాం. మీ మండలంలో పాత శిల్పం, శాసనం, వీరగల్లు, శిథిల ఆలయం ఉందేమో చూడండి. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పొలాల గట్ల మీద, చెరువు కట్టల మీద, రావిచెట్టు కింద ఇలాంటివి బోలెడు. ఆబ్జెక్ట్ ఐడీ అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది, దొంగతనం జరిగితే పోలీసులకి పనికొచ్చేలా వస్తువు వివరం రాసే పద్ధతి. అదేమంత కష్టం కాదు. పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపులా ఫొటోలు, కొలతలు, ఏ రాయి, దాని మీద అక్షరాలున్నాయా, ఎక్కడ విరిగింది, ఎక్కడ పెచ్చు ఊడింది, తీసిన తేదీ. విరిగిన చోటే చాలా ముఖ్యం. ఒకే రకం బుద్ధుడి బొమ్మలు పది ఉండొచ్చు, ఒకే రకంగా విరిగినవి రెండు ఉండవు. ఇంటర్‌పోల్ 2021లో తెచ్చిన ఐడీ-ఆర్ట్ యాప్‌లో ఇలా నమోదు చేసే ఏర్పాటుంది, చోరీ అయినవాటి జాబితాలో వెతకొచ్చు కూడా.

ఒక హెచ్చరిక. కాపలా లేని చోట ఉన్న శిల్పం ఫొటోని లొకేషన్‌తో సహా ఇన్‌స్టాలో పెట్టొద్దు. లైకులు మీకు, దారి దొంగకి. వివరాలు రాష్ట్ర పురావస్తు శాఖకి, మీ కాలేజీ చరిత్ర లెక్చరర్‌కి ఇవ్వండి. దున్నుతుంటే ఏదైనా బయటపడితే కలెక్టర్‌కి (ఈసారి నిజంగా జిల్లా కలెక్టర్‌కే) తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. తహసీల్దారు ఆఫీసులో చెప్పి, ఇచ్చిన కాగితం మీద ముద్ర వేయించుకుని, నకలు దగ్గర పెట్టుకోండి.